కామన్ లా కాత్యాయని

కాత్యాయని మేడమ్‌కు ఒకే ఒక్క జబ్బు. ఎవరేమడిగినా తన లావుపాటి ఇంగ్లీషు లా పుస్తకం తెరవకుండా జవాబు చెప్పదు. టైమెంతయిందని అడిగినా ఆవిడ ముందు కళ్ళజోడు వెతుక్కుంటుందని బొమ్మనహళ్ళిలో చెప్పుకుంటారు. అది అబద్ధం. కళ్ళజోడు ఎప్పుడూ పుస్తకంలోనే ఉంటుంది.

ఆవిడ వకీలు. తాతల కాలం నుంచీ బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. నేను వాళ్ళ మేడమీద అద్దెకుంటూ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. కొన్ని వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక పండితుడు, అక్కడి జనం అలవాట్లలోంచీ జడ్జీల తీర్పుల్లోంచీ పుట్టిన కామన్ లా మొత్తాన్నీ పోగుచేసి రాసిన గ్రంథం మేడమ్ పుస్తకం. కాలేజీ రోజుల్లో అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగట్లో కొన్నదట. కూరగాయల సంచీలో వేసుకుని తిరిగేది. అందుకే ఆస్తి హక్కుల పేజీల మధ్య కరివేపాకు కనబడేది.

నేను చేరిన కొత్తలో కొళాయి కారుతోందని చెప్పడానికి కిందికి దిగాను.

"కూసో అప్పా" అని పుస్తకం తీసింది. పారే నీళ్ళ గురించి అరగంట చదివి, అవి ఏ ఒక్కరి సొత్తూ కాదని తేల్చింది.

"అదంతా సరే మేడమ్, ప్లంబర్‌ను పిలుస్తారా?"

"ప్లంబర్ మాట ఇందులో లేదప్పా."

నేనే పిలిపించుకున్నాను.

ఒకసారి ఆటో అతను మీటరుకు ఒకటిన్నర రెట్లు కావాలన్నాడు. మేడమ్ గొడవపడలేదు. వెనక సీట్లో పుస్తకం తెరిచి, జనాన్ని ఎక్కించుకునే వృత్తిలో ఉన్నవాడి బాధ్యతలు చదవడం మొదలుపెట్టింది. సిల్క్‌బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. పారిపోవడానికి అతనికి దారి లేదు. చివరికి చేతులు జోడించి, "మీటరు కూడా వద్దు మేడమ్, దిగితే చాలు" అన్నాడు. ఆవిడ మీటరు ప్రకారం ఇచ్చే దిగింది. ఎదురింటి పెళ్ళిలో భార్యాభర్తల అధ్యాయం తెరవబోతే మాత్రం పురోహితుడు మేళగాళ్ళకు సైగ చేశాడు. ముహూర్తానికి ముందే గట్టిమేళం మోగింది.

అట్లా రోజులు సాగుతుండగా గేటు వచ్చింది.

మా వీధి చివర ఒక సందు ఉండేది. అవతల రోడ్డు మీద గార్మెంట్ ఫ్యాక్టరీలు. మా వీధి వెనక ఉండే ఆడవాళ్ళందరూ ఆ సందులోంచే పనికి పోయేవాళ్ళు. సందు పక్కన లేచిన అపార్ట్‌మెంట్ వాళ్ళు, ఆ స్థలం తమ ప్లానులో ఉందని ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. ఇక ఫ్యాక్టరీకి హోసూరు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ఆ వారంలోనే రాధిక అనే అమ్మాయిని బైకు గుద్ది చెయ్యి విరిగింది. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళను ఫ్యాక్టరీ లోపలికి రానివ్వలేదు.

రామక్క వచ్చి మేడమ్ వాకిట్లో నిలబడింది. పాలమూరు వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మొదట్లో కట్టడాల పని, ఇప్పుడు గార్మెంట్స్.

"కేసు వేస్తే గెలుస్తమా మేడమ్?"

"మీరు వచ్చి సాక్ష్యం చెప్తే గెలుస్తాము."

రామక్క తల అడ్డంగా ఊపింది. "మా మేనేజర్ సారు ఆ అపార్ట్‌మెంట్లనే ఉంటడు. నోరు తెరిస్తే పని పోతది. మా పేర్లు లేకుండ నడిపియ్యి."

మేడమ్ పుస్తకం తెరిచింది. నేను నెత్తి పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఇంకా పెద్ద తమాషా. చెత్త బండి కోసం గేటు తెరిచారు. మూయడానికి కాపలా మనిషి వచ్చేసరికి, రెక్క తిరిగే చోట ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో మేడమ్, ఒళ్ళో పుస్తకం. ఆవిడ పక్కనుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే అవతలికి పోతున్నారు.

అసోసియేషన్ ప్రెసిడెంట్ హేమంత్‌కుమార్ నిక్కరుతోనే పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఇది ప్రైవేట్ ప్రాపర్టీ. ప్లీజ్, లేవండి."

"లేచేది లేదు."

"సెక్యూరిటీ ఇష్యూ మేడమ్. మీ దగ్గర ఏదైనా డాక్యుమెంట్ ఉందా?"

"ఉండాది. వాళ్ళ కాళ్ళు చూడు."

ఆయన నిజంగానే ఒకసారి కిందికి చూసి, ఫోను తీశాడు. పోలీసు వచ్చాడు. మేడమ్ ఆయనకు దారి హక్కుల అధ్యాయం మొదటి నుంచీ చదివి, కన్నడంలోకీ తెలుగులోకీ మార్చి వినిపించింది. ఆయన ఇక చాలని కన్నడంలో "సాకు మేడమ్, సాకు" అంటూ, సివిల్ గొడవల్లో తను తలదూర్చలేనని హేమంత్‌కుమార్‌కు చెప్పి బండెక్కాడు. ఆడవాళ్ళందరూ దాటిపోయాకే మేడమ్ లేచింది. వారమంతా ఇదే వరస.

ఆదివారం మాత్రం ఆవిడ వరండాలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఉప్పిట్టు, అదే మన ఉప్మా, పెట్టి, మళ్ళీ అదే పుస్తకం చదివింది.

"మీ గురించే రాసినాడమ్మా. చానా కాలంగా జనం నడుస్తా ఉంటే ఆ నడకకు బలం వస్తాది. రాజైనా సుమ్నే ఊరికే అడ్డం కట్టేకి లేదు."

"ఆ ఇంగ్లీషాయనకు బొమ్మనహళ్ళి ఎట్ల తెలుసు మేడమ్?" అంది రామక్క.

"బొమ్మనహళ్ళి తెలీదు. నడిచేవాళ్ళు తెలుసు."

రామక్క ఉప్పిట్టు ప్లేటు పక్కన పెట్టింది. "మళ్ళొక్కసారి చదువు మేడమ్."

ఆ సాయంత్రం కేసు కాగితాల మీద రామక్కే ముందు వేలిముద్ర వేసింది. తక్కినవాళ్ళు ఆమె వెనక వరస కట్టారు.

కోర్టులో ఆ పుస్తకంతో ఈవిడ పరువు పోతుందని నాకు బెంగ. సెలవు పెట్టి మరీ వెళ్ళాను. మేడమ్ చేతిలో సంచీ లేదు. లేచి నిలబడి మన దేశపు చట్టంలోని సెక్షన్లు, ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా నడిచిన దారికి హక్కు ఎట్లా వస్తుందో, మన కోర్టుల తీర్పులు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఇంగ్లండు పేరైనా ఎత్తలేదు. స్థలం చూసి రమ్మని జడ్జిగారు ఒక కమిషనర్‌ను నియమించారు.

బయటికొచ్చాక అడిగాను. "మేడమ్, పుస్తకం మరిచిపోయారా?"

"కోర్టుకు అదెందుకప్పా? సెక్షన్ చాలు."

"మరి మాకందరికీ ఇన్నేళ్ళు చదివి వినిపించారే!"

"నా దగ్గరికి వచ్చేవాళ్ళు తప్పు చేసినట్ల వస్తారప్పా. వాకిట్లోనే నిలబడతారు. ఇంత లావు పుస్తకం తెరిచి 'నీ మాట ఇందులో ఉండాది' అంటే కుర్చీలో కూసుంటారు. కూసున్నాక గొంతు లేస్తాది. ఆ గొంతు లేకుంటే నా సెక్షన్లు ఏం చేసుకునేది?"

"నా కొళాయి సంగతి?"

"నువ్వు ఊరికి కొత్త. ఎవరూ మాట్లాడేవాళ్ళు లేరని మొగం ఇంత పెట్టుకుని దిగినావు. అరగంట కూసుంటివి కదా!"



కమిషనర్ వచ్చిన రోజు సందు నిండా జనం. "వీళ్ళంతా రీసెంట్‌గా వచ్చినవాళ్ళు సార్" అన్నాడు హేమంత్‌కుమార్. మేడమ్ పక్కకు జరిగి దారిచ్చింది. రామక్క ముందుకొచ్చింది.

"నేనొచ్చి ఇరవై ఏండ్లు దాటింది సారూ, అప్పుడు నీ అపార్ట్‌మెంట్ లేదు, రాగి చేను ఉండె. దీని పునాదికి తట్టలు మోసింది నేనే. ఈ సందులకెల్లే మోసిన." తల ఎత్తి పైన బాల్కనీ వైపు చూసింది. "మా మేనేజర్ సారు చూస్తుండు. చూడనీ. రాసుకో సారూ, నా పేరు రామక్క."

తక్కిన ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే పేర్లు చెప్పారు. ఇంతమందిని ఒక్కసారే పనిలోంచి తీసేస్తే మిషన్లు ఎవరు తొక్కుతారనుకున్నాడో ఏమో, మేనేజరు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కేసు తేలేదాకా గేటు మూయరాదని ఆర్డరు వచ్చింది. హేమంత్‌కుమార్ పెద్దగా బాధపడలేదు. గేటు పడ్డప్పటి నుంచీ వాళ్ళింటి వంటమనిషి కూడా ఆలస్యంగానే వస్తోందట.

గేటు రెక్కలు గోడకు కట్టేసిన రోజు ఆడవాళ్ళు మేడమ్‌ను పిలుచుకొచ్చి సందు మొదట్లో నిలబెట్టారు. ఆవిడ అవతలి చివరిదాకా చూసి, నాతో మెల్లగా అంది:

"నేనెప్పుడూ ఈ సందులో నడిచిందే లేదప్పా. మోకాళ్ళు చూడు, ఆటోలోనే పోతాను."

రామక్క వినేసింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అయితే ఇయ్యాల మొదలుపెట్టు మేడమ్. ఇరవై ఏండ్లు నడువు, నీక్కూడ హక్కొస్తది."

మేడమ్ వీధంతా వినబడేట్టు నవ్వి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని బయల్దేరింది. ఆడవాళ్ళందరూ ఆవిడ నడక చొప్పునే నడిచారు. ఎవరికీ తొందర లేదు. ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు.