గోడ మీది ఫార్మసిస్టు

ఇప్పుడు చెబితే నవ్వుతారు గాని, ఎనభైల చివర్లో మా వైపు మందుల దుకాణాల్లో ఫార్మసిస్టు అనేవాడు గోడ మీద ఉండేవాడు. అగరుబత్తి పొగలో, క్యాలెండర్ పక్కన అద్దం వెనక వేలాడే సర్టిఫికెట్టే ఫార్మసిస్టు. దుకాణదారు లైసెన్సు కోసం దాన్ని తెచ్చి తగిలించేవాడు, మనిషి ఇంకెక్కడో ఉండేవాడు. సర్కారు కొలువులు లేవు, సొంత దుకాణానికి స్తోమత లేదు. నాతో డిప్లొమా చదివినవాళ్లలో సగం మంది అట్లా గోడల మీదే ఉద్యోగం చేశారు. నా సర్టిఫికెట్టూ గద్వాలలో మా మేనమామ దుకాణంలో రెండేళ్లు వేలాడింది. నేనేమో వనపర్తిలో దరఖాస్తులు పెట్టుకుంటూ, ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు వాక్యం చెప్పేవాణ్ని. (అబద్ధం ఎంత చిన్నదైనా అబద్ధమేనని బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ని. గుద్దేటప్పుడు గద్వాల గోడ ఒక్కసారీ గుర్తుకు రాలేదు.)

ఒకరోజు మామ కబురు పంపాడు: డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు, మొదటి బస్సుకు రమ్మని. పోయేసరికి నాకోసం తెల్లకోటు సిద్ధంగా ఉంది, నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేంతది. "రోజు వస్తవా అని అడుగుతడు. వస్త సార్ అను, గంతే," అన్నాడు మామ. "అబద్ధం గద మామా!" "నీ సువార్త జర బస్టాండుల పెట్టి రారా! లైసెన్సు పోతే దుకాణం మూత. నేనేడ బతకాలె, భాయ్ ఏడ బతకాలె?" భాయ్ అంటే ఇరవై ఏళ్లుగా ఆ దుకాణాన్ని నడిపిస్తున్న సేల్స్‌మన్. ఏ మందు ఏ అరలో ఉన్నా కళ్లు మూసుకుని తీసేవాడు. మగ్గం మీద కూర్చుని నడుం పట్టేసిన నేతగాళ్లు డాక్టరు కంటే ముందు ఆయన్నే అడిగేవారు. నా కోటు చేతులు పైకి మడుస్తూ, "పరేషాన్ కాకు బేటా. సార్ ఏమడిగినా నా కండ్ల దిక్కు చూడు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి ముందు గోడ మీది సర్టిఫికెట్లో నా ఫొటో చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "జ్వరం గోళీ ఒకటి తియ్యి," అన్నాడు. ఎదురుగా నిలబడ్డ భాయ్ కళ్లు ఎడమకు తిప్పాడు. ఆయన ఎడమో నా ఎడమో తేల్చుకోలేక ఒక సొరుగు లాగాను. అందులో భాయ్ టిఫిన్ డబ్బా. ఇంకోటి లాగాను. ఆయన నమాజు చాప. మూడోదాంట్లో మామ దువ్వెన, అద్దం.

"ఇంతకు నువ్వు రోజు వస్తవా?" అని ఇన్‌స్పెక్టర్ చాలా నెమ్మదిగా అడిగాడు.

'వస్త సార్' గొంతు దాకా వచ్చింది. కాని అక్కడ నా ఆదివారం పిల్లలంతా వరుసగా కూర్చుని ఉన్నారు.

"సార్, నా సర్టిఫికెట్ రోజు ఈడనే ఉంటది. నేను మాత్రం ఇయ్యాలే వచ్చిన."

మామ స్టూలు మీద కూలబడ్డాడు. భాయ్ "యా అల్లా" అన్నాడు, నేను "ప్రభువా" అన్నాను, ఇద్దరం ఒకేసారి. ఇన్‌స్పెక్టర్ మొదట మీసాల్లో, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇన్ని దుకాణాలు తిరిగిన, నిజం చెప్పిన కోటు నీదొక్కటే. రేపటి సంది సర్టిఫికెట్ తోటి నువ్వు గూడ ఉండాలె. నెలకు మళ్ల వస్త. గప్పుడు గోళీ దొరకకపోతే తాళమే!"

ఆ నెలంతా భాయే నాకు గురువు. నేనూ ఆయనకు కొంత చెప్పాను. (ఏ మందుతో ఏ మందు కలపగూడదో విని, "గిన్నేండ్లు అందరిని అల్లానే కాపాడిండు," అని చెవులు పట్టుకున్నాడు.) ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చినప్పుడు గోళీ దొరికింది. నేనూ అక్కడే దొరికాను. దేవుని కృప, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

మొన్న దగ్గు మందుకు వచ్చిన ఒక చిన్నపిల్ల గోడ మీది ఫొటో చూసి, "తాతా, గీ జుట్టున్న సార్ ఏడికి పోయిండు?" అని అడిగింది. "ఏడికి పోలే బిడ్డా, గోడ దిగిండు," అన్నాను. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. నేను మాత్రం కోటు గుండీలు పెట్టుకుంటూ నవ్వుకున్నాను. అదే కోటు. ఇప్పుడు నాకు సరిగ్గా సరిపోతోంది.