ఎడమ వైపు సీటు

మా బావ చూపు తగ్గిపోతోందన్న సంగతి నాకు ఏ డాక్టరూ చెప్పలేదు, అక్క చెప్పలేదు, బావ అసలే చెప్పలేదు. రెండేళ్ల పాటు ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని ఒక పాత జర్మన్ కారును ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించాను. ఆ కారుకు ఆయన ఒక్కొక్కటిగా తగిలిస్తూ పోయిన సామాన్లన్నీ ఆ మాటే చెబుతూ ఉన్నాయి. నాకే తలకెక్కలేదు. తలకెక్కేసరికి కారు రోడ్డు మీద ఉంది, స్టీరింగు బావ చేతిలో ఉంది.

బావ అంటే మా అక్క భర్త. నారాయణగూడలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఇల్లు చిక్కడపల్లిలో, మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి. గేటు పక్కన రేకుల షెడ్డు ఉండటం ఆ ఇంటి అదృష్టమని నేను, దరిద్రమని అక్క అనుకునేవాళ్లం. నేనుండేది అశోక్‌నగర్‌లో, కిరాయికి. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా వీధిలో ఏ మేడ చూసినా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. అక్కడ పానా కింద పడిన చప్పుడైనా చాలు, కిటికీల్లోంచి తలలు బయటికొస్తాయి. అందుకని ఆదివారం పొద్దున్నే ఇడ్లీ పొట్లం పట్టుకుని చిక్కడపల్లి షెడ్డుకు చేరేవాణ్ని.

ఆ కారు మాకు హైదర్‌గూడలో ఒక ఇంటి ఆవరణలో, బాదం చెట్టు కింద దొరికింది. ఆరు సిలిండర్ల ఇంజను, చేత్తో వేసే గేర్లు, బలమంతా వెనక చక్రాలకు. అవన్నీ పేరుకే. టైర్లు నేలకు అతుక్కుపోయి, ఏసీ గొట్టాల్లో ఎలుకలు కాపురం పెట్టి, సీట్ల నిండా ఎండిన ఆకులు. బావ వయసులో ఉన్నప్పుడు అలాంటి కారొకటి షాపు ముందు నుంచి వెళ్తే, ఎవరికో ఇవ్వాల్సిన ఫ్యాను చేతిలో పట్టుకునే రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడట. ఆ కథ అక్క పెళ్లయిన కొత్తలోనే విన్నది. మాకు వందసార్లు చెప్పింది. "నన్ను చూసినప్పుడు గట్ల నిలవడలే ఈ మనిషి," అని చివర్లో చేర్చేది.

ఆ రెండేళ్లూ సుఖంగా గడిచాయి. అలా అంటే నా భార్య ఒప్పుకోదు గానీ, నిజం అదే. మన ఎండలకు ఇంజను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గొట్టాలు ముట్టుకుంటే అప్పడాల్లా విరిగేవి. తుప్పు పట్టిన బోల్టుకు నూనె పోసి వచ్చే ఆదివారం దాకా దాని జోలికి పోకూడదు. తొందరపడితే తల విరిగి చేతికొస్తుంది. కాలేజీలో నిమిషానికోసారి గడియారం చూసే నేను, ఒక బోల్టు కోసం వారమంతా ఓపికగా ఎదురుచూసేవాణ్ని. అది కదిలినప్పుడు వచ్చే చిన్న కిర్రుమనే చప్పుడుకు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం.

మాకు తగువు వచ్చిందల్లా ఒక్క విషయంలోనే. నాది మొండి సిద్ధాంతం. ఆ కారు జర్మనీలో ఎలా పుట్టిందో అలాగే ఉండాలి, స్క్రూ కూడా మారకూడదు. బావకు మార్పులు కావాలి. మొదట సైలెన్సర్ మార్చాడు. ఇంజను ఏ వేగంలో తిరుగుతోందో వీధి చివరి వాళ్లకు కూడా తెలిసేంత చప్పుడు. తర్వాత స్టీరింగు పైన, సరిగ్గా కళ్లెదురుగా ఒక ఎర్ర లైటు పెట్టించాడు. గేరు మార్చాల్సిన సమయం రాగానే వెలుగుతుంది. రేసు కార్లకు ఉంటుందన్నాడు. సరేలే అనుకున్నాను. ఆ తర్వాత రెండు వైపులా అద్దాల మీద ఇంకో గుండ్రని అద్దం, లోపల జానెడున్నర వెడల్పు అద్దం, ముందూ వెనకా ఏదైనా దగ్గరికొస్తే కీచుమనే పెట్టె. ఇక నాకు ఒళ్లు మండింది.

"ఏంది బావా ఇది? కారా, గంగిరెద్దా? ఇంక రెండు గజ్జెలు కట్టు, సరిపోతది."

"బండి నా కోసం, బామ్మర్దీ. నేను బండి కోసం కాదు," అనేవాడు బావ, అసలు కోపమే రాకుండా. ఆయనకు కోపం రాకపోవడం నా కోపాన్ని ఇంకా పెంచేది. ఒకసారైతే పానా కింద పడేసి ఇంటికి వెళ్లిపోయాను. వచ్చే ఆదివారం మళ్లీ ఇడ్లీలతో హాజరు.

ఇప్పుడు వెనక్కి చూస్తే అన్నీ కనిపిస్తాయి. ఎడమ మోకాలి పక్కనే ఉన్న పానా కోసం బావ నేలంతా తడిమేవాడు. టీ గ్లాసు ఎడమ వైపు పెడితే తన్నేసేవాడు. "వయసైపోయింది బావా," అని ఏడిపించేవాణ్ని. ఫ్రిజ్‌లో కంట్లో వేసుకునే చుక్కల మందు కనిపిస్తే, షాపులో దుమ్ము అన్నాడు. నమ్మాను. వాళ్లింట్లో రోజూ తిరిగే చిన్న కారులో అక్క ఎప్పుడూ ఆయన పక్కనే కూర్చుంటుంది, కూర్చుని ఒక్క క్షణం ఊరుకోదు. "ఇగో, ఎడమ దిక్కు ఆటో. ఎడమ దిక్కు ముసలాయన. ఆగు, ఎడమ దిక్కు సైకిల్." వెనక కూర్చున్న నాకు తల వాచిపోయేది. అక్కకు ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం వచ్చి ఉంటే నగరం బాగుపడేదని నేనంటే, ఆమె కూడా నవ్వేది. ఇంటింటా ఆడవాళ్లు అంతేలే అనుకున్నాను.

కారు పూర్తయిన ఆదివారం పొద్దున బావ తెల్లచొక్కా వేసుకుని షెడ్డులోకి వచ్చాడు. కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడని అన్నాను. అక్క కూడా వస్తానంది. నేనే వద్దన్నాను. దారిలో ఆగిపోతే తొయ్యాలి, నువ్వు చీరలో ఏం తోస్తావని. ఆమె కాసేపు బావ మొహం చూసి, తర్వాత నా దగ్గరకొచ్చి, "తమ్మీ, జర ఎడమ దిక్కు చూస్కుంట పోండి," అంది. తల ఊపాను. ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

మెయిన్ రోడ్డు ఖాళీగా ఉంది. కారు వెళ్తుంటే ఆ చప్పుడును అంతకాలం తిట్టిన నాకే ఒళ్లు జలదరించింది. బావ గేరు మార్చే తీరు చూస్తూ కూర్చున్నాను. చప్పుడు పైకెక్కుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, ఆయన చెయ్యి కదులుతుంది. చూపు మాత్రం రోడ్డు మీది నుంచి తిప్పడు. ఎంత ఏకాగ్రత అని మురిసిపోయాను.

నారాయణగూడ దాటాక ఒక మలుపు దగ్గర పొద్దున పూట పాలమూరు కూలీలు పనికోసం నిలబడతారు. మేస్త్రీ ట్రాలీ వచ్చి ఆగిందంటే ఆడా మగా ఒక్కసారిగా దాని వైపు పరుగెత్తుతారు, ముందు ఎక్కినవాళ్లకే ఆ రోజు పని. ఆ రోజు ట్రాలీ రోడ్డుకు అవతల ఆగింది. ఎడమ వైపు నుంచి ఒకామె ఇనుప తట్ట చంకన పెట్టుకుని రోడ్డుకు అడ్డంగా బయలుదేరింది. నేను ఆమెను చూశాను. బావ కూడా చూశాడనే అనుకున్నాను. ఎదురుగా, పట్టపగలు, ఎర్ర చీర. కారు నెమ్మదించలేదు. నేను ఏమని అరిచానో గుర్తులేదు, రెండు చేతులతో హ్యాండ్‌బ్రేక్ పైకి లాగేశాను.

కారు వెనక భాగం పక్కకు జారి ఆగింది. ఆమెకూ మాకూ మధ్య మూరెడు దూరం. తట్ట కింద పడి దొర్లుకుంటూ వెళ్లి డివైడర్‌కు తగిలింది.

ఆమె బానెట్ మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. "కండ్లు కనవడ్తలేవా, ఏందయ్యా? సంపుతవా ఏంది?"

మన రోడ్ల మీద రోజుకు ఎన్నిసార్లు వినే తిట్టు అది. ఎవరూ జవాబు చెప్పరు. బావ కిందికి దిగాడు. ఆమె ముందు నిలబడి చేతులు జోడించాడు.

"లేదమ్మా. ఎడమ దిక్కు కనవడ్తలేవు," అన్నాడు.

ఆమె ఆయన మొహంలోకి తేరిపార చూసింది. "మరెందుకు నడ్పవడ్తివి?" అంది, ఈసారి అరవకుండా. ట్రాలీ మీంచి మేస్త్రీ కేకేశాడు. ఆమె తట్ట ఏరుకుని పరుగెత్తింది.

నేను కుడి వైపు వచ్చి కూర్చున్నాను. బావ వెనక సీట్లోకి ఎక్కాడు. కారు తియ్యబోయే ముందు అద్దాలు సరిచూసుకోబోయాను. ఆ సీట్లో అంతకుముందు షెడ్డులో చాలాసార్లు కూర్చున్నాను, కానీ రోడ్డు మీద కూర్చోవడం వేరు. లోపలి వెడల్పు అద్దం ఎడమ వైపుకు ఎంతగా తిప్పి ఉందో అప్పుడు చూశాను. ఎర్ర లైటు కళ్లు దించాల్సిన పని లేని చోట ఉంది. ఆ కారులో నేను ఎగతాళి చేసిన ప్రతి వస్తువూ, ఆయనకు కనిపించని ఒక్కో చోట నిలబడి ఉంది.

"రోడ్డు చూస్తే మీటరు ముల్లు కనవడదు బామ్మర్దీ. ముల్లు చూస్తే రోడ్డు పోతది," అన్నాడు బావ వెనక నుంచి. "అందుకే లైటు. అందుకే సైలెన్సరు. చెవులు మంచిగనే ఉన్నయి గద."

"డాక్టర్ ఏమన్నడు?"

"గ్లకోమా అన్నడు. ఉన్నది నిలుపుకోవచ్చు, పోయింది రాదన్నడు. బండి నడపొద్దన్నడు." ముందుకు వంగి, "ఏ బండో చెప్పలే," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు చంపెయ్యాలనిపించింది. చంపెయ్యాలని, పట్టుకుని ఏడవాలని రెండూ ఒకేసారి అనిపించాయి.

గేటు దగ్గర అక్క నిలబడే ఉంది. కుడి వైపు నన్ను చూడగానే ఆమె మొహం మారిపోయింది. "ఎవ్వరికన్న తగిలిందా?" అంది. లేదన్నాను. అప్పుడు నా భుజం మీద గట్టిగా కొట్టింది. చిన్నప్పుడు కూడా అంత గట్టిగా కొట్టలేదు.

"చెప్పిన గదరా నీకు! ఎడమ దిక్కు చెప్పాలె గదరా! రెండేండ్ల సంది నేను చెప్పుకుంట వస్తలేనా?"

"నాకు తెల్వదక్కా. నాకెవరు చెప్పిన్రు?"

ఆమె మెట్ల మీద కూలబడింది. "ఆపమంటే ఈయన బతకడనిపించింది. ఆపకపోతే ఎవరన్న బతకరనిపించింది. ఏం చెయ్యాల్నో తెల్వక పక్కన కూసున్న," అంటూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మా అక్క ఏడవడం నాకు కొత్త. ఆమె సణుగుతోందని నేను నవ్వుకున్న ప్రతిసారీ ఆమె గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో అని తలచుకుంటే సిగ్గేసింది.

తర్వాతి ఆదివారం వెళ్లాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, వెళ్లాను. షెడ్డు తలుపు తెరిచే ఉంది. బావ కారు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఇగ గెలిచినవ్ గద. ఆ లైటు, ఆ అద్దాలు అన్నీ పీకెయ్యి. జర్మనోడు ఎట్ల చేసిండో గట్లనే చేస్కో," అన్నాడు.

"నోరు మూసుకో బావా," అన్నాను. ఆయనతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన ఏమీ అనుకోలేదు. చేతిలో తాళంచెవి తిప్పుతూ ఉన్నాడు.

అది నా చేతిలో పెడతాడని అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. అందులో సగం బోల్టులు నేను బిగించినవే, లైసెన్సు ఉంది, కళ్లున్నాయి. బావ ఇంటి వైపు తిరిగి అక్కను పిలిచాడు. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వస్తే, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకెందుకు? నాకు సైకిల్ గూడ రాదు."

"రెండేండ్ల సంది సగం బండి నువ్వే నడుపుతున్నవ్. మిగిలిన సగం నేను నేర్పిస్త. ముందు ఈ షెడ్డులనే, బండి కదలకుండ. లైసెన్సు కాయితం వచ్చినంక రోడ్డు."

"వీడు నవ్వుతడు," అంది అక్క నన్ను చూపిస్తూ.

నేను నవ్వలేదు. ఆ తాళంచెవి నాకు దక్కలేదన్న బాధ ఒక నిమిషం ఉండి, పోయింది. అది ఎవరికి చెందాలో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

అక్క కొంగు నడుములో దోపుకుని కుడి వైపు తలుపు తీసి కూర్చుంది. బావ బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ వైపు కూర్చున్నాడు. తన కారులో ఆయన అటు కూర్చోవడం అదే మొదలు. బెల్టు కోసం అలవాటుగా కుడి భుజం వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. అక్కడేమీ లేదు. ఇంకోసారి తడిమాడు. అక్క ఆయన మీదుగా వంగి, ఎడమ వైపు నుంచి బెల్టు లాగి పెట్టింది. తర్వాత సీట్లో నిటారుగా సర్దుకుని, "ఇగ చెప్పు, క్లచ్ ఏది?" అంది.