మా తమ్ముని గొంతు కోసం

మా యమ్మకు కండ్లు ఒక్క దినంలో పోలే. షుగరు మెల్లగా తినుకుంటా వచ్చె. మొదట సూదిలోకి దారం ఎక్కలే, తర్వాత బియ్యంలో రాళ్లు కనపడలే, కడాకు గోడకుండే మా తమ్ముని ఫొటో కూడా కనపడకుండా పోయె. అంతవరకు ఆయమ్మ ఆ ఫొటోతోనే మాట్లాడుకుంటాండె. పొద్దున్నే కొంగుతో తుడిచి, "లేచినావా నాయనా" అని పలకరిస్తాండె. కండ్లు పోయినంక కూడా కొన్నాళ్లు అట్లే తుడిచింది. ఒగ దినం ఆపేసి నన్ను పిలిచింది.

"మే, నా చేతికి అద్దం తగుల్తాంది గానీ వాడు తగల్లేదు. వాని గొంతు యాడన్నా ఉంటే ఒక్కసారి వినిపించు," అనింది.

వాని గొంతు యాడుంటాది? వాడు పోయినప్పుడు మా ఊర్లో సెల్‌ఫోన్లు ఉండేదే తక్కువ, ఉన్నవాళ్లు కూడా ఫోన్ కలిపి "ఆఁ, చెప్పు, పెట్టేస్తాండా" అనేవాళ్లే గానీ మాట దాచిపెట్టుకునే సోకు ఎవరికీ లే. వాన పడిన మరుసటి దినం బోరు మోటరు ఆన్ చేసేదానికి పోయి, తడి చేత్తో స్టార్టరు డబ్బా పట్టుకున్నాడు. అంతే. పెండ్లి కూడా కాలే వానికి. ఏండ్ల తరబడి మొగులు చూసుకుంటా బతికే నేల మాది. ఆ పాడు వాన వచ్చేది వచ్చి మా పిల్లోన్ని ఎత్తుకుపోయె. అందరూ మొగులు పట్టితే దండం పెడతారు, నాకు మాత్రం ఇప్పటికీ కోపం వస్తాది.

ఆలోచించంగా ఆలోచించంగా తట్టింది, నా పెండ్లి క్యాసెట్. కళ్యాణదుర్గంలో మంటపంలో అయింది నా పెండ్లి. వీడియో తీసే ఆయన మైకు ఇచ్చి చుట్టాలందరితో నాలుగు మాటలు చెప్పించినాడు. అందరూ సిగ్గుపడి "బాగుండాల, చల్లగా ఉండాల" అని మైకు వదిలేస్తే, మా తమ్ముడు దాన్ని గట్టిగా పట్టుకుని చాలాసేపు మాట్లాడినాడు. జనం పడీ పడీ నవ్విరి. ఏం చెప్పినాడనే దాని మీద నాకూ అమ్మకూ ఎప్పుడూ తగువే. "మా యక్కను ఏడిపిస్తే నీ గడప తొక్కను బావా" అన్నాడంటాది అమ్మ. కాదు, "మా యక్క నోటికి నువ్వు తట్టుకుంటే నీకే సన్మానం చేస్తా బావా" అన్నాడంటాను నేను. వానికి నేనంటే అంత భయం, అంత ప్రేమ. నా నోటి సంగతి ఊరంతా ఎరిగిందే కాబట్టి, నా మాటే నిజమై ఉండాల.

ఆ క్యాసెట్ మేము చూసింది ఒక్కసారే. మా అత్తగారింట్లో, బాడిగకు తెచ్చిన వీసీఆర్‌లో, వీధి వీధంతా వచ్చి కూర్చుంటే. "అదిగో నీ చీర, ఇదిగో మా చిన్నాయన" అని ఒకరి మీద ఒకరు అరుచుకుంటా చూసినాం. తర్వాత అది ట్రంకుపెట్టెలో పట్టుచీర కిందికి చేరింది. వాడు పోయినంక తీసి చూసే ధైర్యం మాకు ఎవరికీ రాలే.

ఆ వీడియో తీసినాయన సాయిబు మామ. మా నాయన ఆయన్ని బావా అని పిలుస్తాండె, మాకు మామ. ఇప్పుడు తన స్టూడియోలోనే సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతాండాడు. క్యాసెట్ తీసుకుని పోతే మూత ఎత్తి వెలుతురుకు పెట్టి చూసినాడు. టేపు అంచుల మీద బూడిద మాదిరి తెల్లగా బూజు పట్టిండె. చేతనైనంత తుడిచి ఇస్తా గానీ, ఇది ఒగసారి తిరిగితే తిరుగుతాది, రెండోసారి తిరుగుతాదని నేను మాటియ్యలేనన్నాడు. తిరిగే ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాల. వీసీఆర్ తన దగ్గరుండాది, కంప్యూటర్ మాత్రం లేదన్నాడు.

కంప్యూటర్ నాకుండాది. బెళుగుప్ప బస్టాండు దగ్గర నాకొక ఆన్‌లైన్ సెంటరుండాది. పంట బీమాలు, పింఛన్లు, కరెంటు బిల్లులు, ఆధార్ కాగితాలు, ఇవీ నేను చేసేది. ఎప్పుడో ఎవరో వాడేసిన కంప్యూటర్ నేను కొనుక్కున్నా. ఒక కాగితం ప్రింటు తీసేలోపల వచ్చినాయన టీ తాగి వస్తాడు. క్యాసెట్‌ను ఎక్కించే చిన్న పరికరం ఒగటి తెప్పించుకుని, సాయిబు మామ వీసీఆర్‌లో ఆయన దగ్గరుండే పనికిరాని క్యాసెట్ ఒగటి పెట్టి పరీక్ష చేసినాం. బొమ్మ వస్తాంటే వస్తాంటే దాన్ని నమిలి ఫైలుగా చుట్టేసే పని కంప్యూటర్‌ది. దాన్నే ఎన్‌కోడింగ్ అంటారు. మన ముసిలి కంప్యూటర్ రెండు నిమిషాలు నమిలి మూడో నిమిషానికి గొంతుకు అడ్డం పడినట్ల ఆగిపాయె. శబ్దం ముందు పోతాది, బొమ్మ వెనక వస్తాది. ఇట్లాంటిదాన్ని నమ్మి ఒక్కసారే తిరిగే టేపు యాడ పెడతాం?

అనంతపురంలో పెద్ద స్టూడియోకు ఇస్తే వాళ్లే చేస్తారు గదా అన్నాడు మా ఆయన. ఫోన్ చేసి అడిగితే, ఇడిసిపెట్టి పోండి, తెగితే మా పూచీ లేదన్నారు. అదే మాట అమ్మకు చెప్తే ఆయమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపాయె.

"వాన్ని ఒగసారి ఆస్పత్రిలో వాళ్ల చేతికిచ్చి బయట కూసున్నా. గుడ్డ కప్పి ఇచ్చిరి. ఇంగ ఎవరి చేతికీ ఇయ్యను. నీకు చేతనైతే నువ్వు చెయ్యి, లేకుంటే పెట్టెలోనే ఉండనీ," అనింది.

నేనే చేయాల.

ఆ ఏడు శెనక్కాయ చెట్టుకు ఊడ దిగిందే లేదు, కాయే పట్టలే, కొత్త కంప్యూటర్ మాట ఎత్తితే మా ఆయన మొగం చూడలేం. ఉన్నదాన్నే బాగు చేసుకోవాల. అనంతపురంలో పాత సామాను అమ్మే సెట్టి అంగడికి పోయినా. సెట్టి నా డబ్బాను చూసి, "ఏమ్మా, దీనికి దుడ్లు పెట్టేది కంటే దీన్ని అమ్మి ఒగ మేకపిల్లను కొనుక్కో" అన్నాడు. నువ్వు మేకలమ్ముతాండావా కంప్యూటర్లమ్ముతాండావా అని అడిగినా. అంగట్లో ఉండేవాళ్లు నవ్విరి, సెట్టి కూడా నవ్వి స్టూలేసినాడు. ఆ తర్వాత మనిషి మంచిగానే చెప్పినాడు. బోర్డు మార్చే పనిలేదు, ఇదే గుంతలో కూర్చునే పెద్ద ప్రాసెసర్ పాతది దొరుకుతాది, ర్యాము పెంచాల, హార్డుడిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ చిన్నదైనా వేసుకోవాల. గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఎన్‌కోడింగ్ భారం అదే మోస్తాది గానీ, దానికి కరెంటిచ్చే డబ్బా కూడా మార్చాల్సి వస్తాదన్నాడు. కార్డు వద్దనుకుని మిగతావి కొనుక్కున్నా. ఆశకు అంతుండాల గదా.

ఇంటికొచ్చి మూత ఇప్పితే లోపల మా చేనే ఉండాది. ఫ్యాను రెక్కల మధ్య ఎర్రమన్ను అట్టలు కట్టిండె. బ్రష్షుతో దులిపి, ప్రాసెసర్ మార్చి, మీద పేస్టు రాసి, ర్యాము గుచ్చి ఆన్ చేసినా. తెర మీద ఏమీ రాలే, డబ్బాలో నుంచి బీప్ బీప్ అని కూతలు మాత్రం వచ్చె. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా ఆయన తలుపు దగ్గర నిలబడి అనె. నేను స్క్రూడ్రైవర్ చూపించినా, పోయినాడు. ర్యాము పీకి, దువ్వెన పండ్ల మాదిరుండే దాని బంగారు రంగు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చితే లేచింది. అమ్మ మంచం మీద నుంచే, "పాతవన్నీ ఏసి ఇట్ల చేస్తాండావే, నడుస్తాదా" అని అడిగె. నడుస్తాదిమా అంటే, "గుడ్డి కన్నా మెల్ల మేలులే" అని తనే నవ్వింది. నాకు నవ్వు రాలే. వంట రూములోకి పోయి కండ్లు తుడుచుకుని వచ్చినా.

ఆ ఎండలకు ప్రాసెసర్ వేడెక్కి నిదానిస్తాందని, పక్క రేకు ఇప్పేసి టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పినా. ఇంట్లో అందరికీ చెమటలు, కంప్యూటర్‌కు గాలి. ఈసారి సాయిబు మామ పనికిరాని క్యాసెట్ మొదటి నుంచి కడా వరకు ఎక్కడా ఆగకుండా ఎక్కింది. బొమ్మ చిన్నదైతే చిన్నదాయె, ఒక్క అడుగు కూడా తప్పలే. ఆ దినం నాకు ఎంత గర్వమొచ్చిందో చెప్పలేను. పిల్లోన్ని పట్టుకొచ్చేదానికి బండి కట్టినట్లే అనిపించె. ఆ క్యాసెట్‌లో ఎవరిదో సీమంతం, దాని నిండా సినిమా పాటలే. అది చూసి కూడా నాకు బుద్ధి వెలగలే.

ఆదివారం సెంటరు మూసి ఇంట్లోనే పెట్టుకున్నాం. సాయిబు మామ వీసీఆర్ సంకన పెట్టుకుని తనే వచ్చినాడు. అమ్మ పొద్దున్నే తల స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, స్పీకరు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునింది. మజ్జిగిస్తే తాగలే, మింగే శబ్దానికి వాని మాట వినపడదని. సాయిబు మామ క్యాసెట్ లోపలికి నెట్టినాడు, నేను రికార్డు నొక్కినా. గీతలు గీతలుగా వచ్చి, తర్వాత దేవుని పటం తెరుచుకుని, మంటపం గుమ్మం కనపడె. మా నాయన కనపడె. అమ్మకు చెప్పినా. వెంట పాట మొదలాయె.

పెండ్లి వీడియో మొదట్లో పాట ఉంటాది లే అనుకున్నా. ఒక పాట అయిపోయె, ఇంకో పాట వచ్చె. అయ్యవారు నోరు ఆడిస్తాండాడు, పాట. మేళం వాళ్లు బుగ్గలు ఉబ్బించి ఊదుతాండారు, పాటే. మైకు పట్టుకుని మా పెద్దమ్మ ఏమో చెప్పింది, సినిమా హీరోయిన్ పాడుతాంది. సాయిబు మామ దిక్కు చూస్తే ఆయన నేల చూస్తాండాడు.

మాటలు ఎప్పుడొస్తాయి మామా అని ఆయన చెవి దగ్గర అడిగినా. రావన్నాడు. మిక్సింగ్‌లో మాటలన్నీ తీసేసి పాటలు పెట్టేవాళ్లమమ్మా, అప్పట్లో అందరూ పాటలే కావాలని అడుగుతాండ్రి, మాటలుంటే ఏమప్పా ఈ సంత గోల అని తిట్టేవాళ్లు అన్నాడు. మొదట తీసిన క్యాసెట్ యాడుండాది అంటే, ఆయన గొంతు నాకే సరిగా వినపడలే, "దాని మీదనే ఇంకో పెండ్లి తీసింటాం తల్లీ" అన్నాడు. ఆయన్ని తిట్టేదానికి నోరు తెరిచినా. ఏమని తిట్టాల? మా పెండ్లి వీడియోకు పాటలు ఎన్నుకునింది మా ఇంటి వాళ్లే. అత్తగారింట్లో చూసినప్పుడు కూడా ఇవే పాటలు వచ్చినాయి. వాని పెదాలు ఆడుతాంటే చూసి, వాని మాటలు మేమే మా మనసులో విన్నాం. ఇన్నేండ్లు క్యాసెట్‌లో వినినామనే అనుకున్నాం.

అమ్మ మాత్రం ఇంకా కాచుకుని ఉండాది. పాట మారినప్పుడల్లా మెడ ముందుకు వంచుతాది, ఇంకో పాట వస్తే వెనక్కి ఆనుకుంటాది. నేనే చెప్పాల, ఈ పాట అయిపోనీ అనుకుంటా కూర్చున్నా. టేపు ఆపేదానికి లేదు, ఆపితే తెగుతాది.

అప్పుడు వాడొచ్చినాడు. తెల్ల షర్టు, మెడలో ఎవరిదో పూలదండ, నూనె పెట్టి దువ్విన జుట్టు. మైకు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. తెర మీద బొమ్మ ఎంత తేటగా ఉండాదంటే, వాని పై పెదవి మీద కొత్త మీసం కూడా కనపడె. నేను బాగు చేసిన కంప్యూటర్ వాన్ని ఎక్కడా ఆపలే, తడబడనీలే. వాడు నవ్వుకుంటా మాట్లాడతాండాడు, మీద ఎవరో ప్రేమ పాట పాడుతాండారు. ఒరేయ్ అని అరిచేసినా నేను. ఏడుపు ఆపుకోలేకపోయినా.

అమ్మకు అర్థమై పాయె. చేయి చాపి స్పీకరు తడిమి, "ఈ పాట తీసెయ్ మే" అనింది. శబ్దం తగ్గించేసినా. ఇంట్లో ఫ్యాను శబ్దం, వీసీఆర్ తిరిగే శబ్దం తప్ప ఇంకేమీ లే.

"వాడుండాడా?" అని అడిగె.

"ఉండాడుమా. మాట్లాడతాండాడు."

"మాట్లాడనీ. నడమ ఎవరూ మాట్లాడొద్దు," అనింది.

మొగం తెర దిక్కు పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునింది. సాయిబు మామ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తెర మీద వాడు చేయి ఊపి, మైకు పక్కాయనకు ఇచ్చేసి, జనంలోకి పోయినాడు. బొమ్మ మారి భోజనాల పంక్తి వచ్చె. ఎవరెవరో ఆకుల ముందు కూర్చుని తింటాండారు.

"ఇంకా మాట్లాడతాండాడా?" అని అమ్మ అడిగింది.

"మాట్లాడతాండాడుమా," అన్నా.