గాలి పట్టే ఉద్యోగం

మా పెద్దమ్మది గాలి పట్టే ఉద్యోగం. ఎవరడిగినా అలాగే చెప్పేది. రేవు చివర అలలు తగిలే రాళ్ల పక్కన మూడంతస్తుల మేడ ఉండేది. దాని డాబా మీద ఇనుప స్టాండు, స్టాండు మీద ఒక మిషను, మిషనుకి రేకు గొడుగు. అది సముద్రం మీది గాలిని ఆగకుండా పీల్చి, అరచేయంత తెల్లటి ఫిల్టరు కాగితం గుండా వదిలేది. గాలిలో ఉన్న, కంటికి ఆనని నలుసులన్నీ ఆ కాగితానికి అంటుకునేవి. రోజూ పొద్దున ఎనిమిదింటికి పాత కాగితం తీసి కొత్తది పెట్టడం పెద్దమ్మ పని. ఇరవై రెండేళ్లు చేసింది.

కాగితాన్ని చేత్తో ముట్టుకోకూడదు. చెమటలోనూ ఉప్పుంటుంది కదా, అంటిందంటే అది సముద్రం ఉప్పో మనిషి ఉప్పో తేలదు. గ్లౌజులు తొడుక్కుని, పట్టకారుతో, ఊపిరి బిగబట్టి తీసేది. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. నా పెళ్లి ఫొటోలు చూపిస్తే ఒక్కొక్కటీ అంచులు పట్టుకునే చూసింది.

కింది అంతస్తులో డాక్టరమ్మ ల్యాబు. ఆవిడ వైద్యం చేసే డాక్టరు కాదు, రసాయనాలు చదువుకున్న డాక్టరు. పెద్దమ్మకన్నా పదిహేనేళ్లు చిన్న. కాగితాన్ని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో ఏమేం దిగాయో తేల్చేది. సోడియం పెరిగితే అలల తుంపర. కాల్షియం పెరిగితే నేల మీది దుమ్ము. వెనేడియం కనిపిస్తే ఓడల పొగ. ఉప్పుతో పాటు వచ్చేదానికి మించి పొటాషియం ఉంటే, ఎక్కడో కట్టెలో ఆకులో కాలుతున్నట్టు. పెద్దమ్మ పదో తరగతి దాటలేదు గానీ ఇవన్నీ చుట్టాల పేర్లంత తేలిగ్గా గుర్తుపెట్టుకుంది. సముద్రం పోటెత్తిన రోజున, "ఇవాళ సోడియం వాళ్లు సకుటుంబంగా దిగారు" అనేది.

పెదనాన్న బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాడు. ఆదివారం పెద్దమ్మ కాగితం మార్చి ఇంటికొచ్చేసేది, ఆ రోజు తప్ప రోజూ మధ్యాహ్నం ఆవిడకి క్యారేజీ పట్టుకొచ్చేవాడు. ఇద్దరూ తిన్నాక, "కాసేపు డాబా మీద గాలి పీల్చుకొస్తా" అని పైకెళ్లేవాడు. గుండెనొప్పి వచ్చి సిగరెట్లు మానేసిన మనిషి, మంచి గాలి తగలనీ అని ఆవిడ సంతోషించేది.

అలా నెల గడిచాక ఒకరోజు డాక్టరమ్మ పెద్దమ్మని ల్యాబులోకి పిలిచింది.

"అక్కా, ఇది చూడండి. నెల రోజులుగా పొటాషియం ఎక్కువగా ఉంటోంది. సముద్రం అవతల అడవులు కాలుతున్నాయేమో. ఆ పొగ ఇంత దూరం వస్తోందని ఎవరూ అనుకోలేదు. శాస్త్రవేత్తల సభలో చెప్తానని వ్యాసం పంపేశాను కూడా."

పెద్దమ్మ ఆ గ్రాఫులో గీతని రోజు రోజుగా చూసుకుంటూ వచ్చింది. ఆరు రోజులు ఎత్తు, ఒకరోజు పల్లం. మళ్లీ ఆరు రోజులు ఎత్తు.

"డాక్టరమ్మా, ఈ పల్లం రోజులేంటి?"

"అవా, ఆదివారాలు."

"పొగకి ఆదివారం సెలవుంటుందా?"

డాక్టరమ్మ క్యాలెండరు తీసి గ్రాఫు పక్కన పెట్టుకుంది. ఆదివారం మాత్రం డాబా ఎక్కని మనిషెవరో పెద్దమ్మకి అప్పటికే తట్టింది.

మర్నాడు క్యారేజీ అయ్యాక పెదనాన్న పైకెళ్లాడు. పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వెనకే మెట్లెక్కింది. డాబా అంతా ఈదురుగాలి. అగ్గిపుల్ల ఆరిపోకుండా వెలిగే చోటు ఒక్కటే, మిషను గొడుగు కింద. పెదనాన్న అక్కడే గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని, హాయిగా పొగ వదులుతున్నాడు.

"ఇదా మీరు పీల్చుకునే గాలి?"

ఆయన ఉలిక్కిపడి సిగరెట్టు చేతిలోనే నలిపేసుకున్నాడు. "రోజుకి రెండేనే" అన్నాడు.

"రెండో ఇరవయ్యో నాకు చెప్పక్కర్లేదు. ఆ మిషను చెప్పింది."

చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ పెద్దమ్మ తిన్నగా కిందకెళ్లి, "అడవి కాదమ్మా, మా ఆయన" అంది. చెప్తున్నప్పుడు తల ఎత్తలేకపోయింది. డాక్టరమ్మ మొదట కుర్చీలో కూలబడింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ సాయంత్రమే ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తెప్పించుకుంది.

పెద్దమ్మ పెదనాన్నతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాబుకి వెళ్లి క్షమాపణ అడిగాడు. డాక్టరమ్మ ఆయన దగ్గర మిగిలిన సిగరెట్టు ఒకటి అడిగి తీసుకుని, కాల్చి, ఆ పొగని కాగితం మీద పట్టింది. పొగాకుకి మాత్రమే ఉండే గుర్తేమిటో అందులో తేలింది. డాబా తాళంచెవి ఆ రోజునుంచీ పెద్దమ్మ సంచిలోనే. సిగరెట్టూ ఆ రోజుతోనే ఆఖరు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో కాగితాలు బూడిదరంగుకి తిరిగాయి, పొటాషియం మళ్లీ లేచింది. ల్యాబులో అందరి చూపూ పెదనాన్న మీదకే పోయింది. వాచ్‌మన్ అయితే, "ఏం సారూ, తాళంచెవి దొరికిందా, మళ్లీ మొదలెట్టారా?" అని మొహానే అడిగాడు. పెదనాన్న ఆ పూట అన్నం ముట్టలేదు.

"నువ్వూ నమ్మవా?" అన్నాడు పెద్దమ్మతో.

ఆవిడ ఆయన చొక్కా వాసన చూసింది, వేళ్లు వాసన చూసింది. "నమ్మకం వేరు, ల్యాబు వేరు. మీరు వారం రోజులు ఇటు రాకండి" అంది.

వారమంతా ఆవిడే క్యారేజీ తెచ్చుకుంది. పొటాషియం తగ్గలేదు. ఆదివారం కూడా తగ్గలేదు. పొగాకు గుర్తు ఒక్క కాగితంలోనూ లేదు.

"ఈసారి మీ ఆయన కాదక్కా. నిజంగానే అడవి" అంది డాక్టరమ్మ. గాలి వచ్చిన దారిని పటం మీద గీసి చూపించింది. నాలుగు రోజుల సముద్రం దాటి వస్తోంది.

ఆ మాట విని పెదనాన్న కేసు గెలిచినవాడిలా అయిపోయాడు. వాచ్‌మన్‌ని పిలిచి మరీ చెప్పబోతుంటే పెద్దమ్మ ఆపింది. "ఎవరి కొంపో అంటుకుంటే మీకింత సంబరమా?" అంది. తర్వాత పటం మీద వేలు పెట్టకుండా, పట్టకారు కొనతో చూపిస్తూ డాక్టరమ్మని అడిగింది.

"ఇక్కడ జనం ఉంటారా?"

"ఉంటారక్కా. చాలామందే."

ఆ తర్వాత రోజూ కాగితం తీయగానే వెలుతురుకి ఎత్తి రంగు చూసేది. వానలు మొదలైన రెండో వారంలో ఒక పొద్దున కాగితం తెల్లగా వచ్చింది. ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తూ పెదనాన్నతో, "అక్కడ ఆరిపోయినట్టుందండీ" అంది.