పడిందా?

ముత్తుకూరు దగ్గర మా వరి కయ్యను ఆనుకునే పెద్దమ్మ కయ్య ఉండేది. ఎవరు ఎదురైనా "బాగుండావా?" అని ఆమె అడగ్గా నేను వినలేదు. "పడిందా అబ్బయా?" అనేది. ప్రభుత్వం రైతులకిచ్చే సాయం బ్యాంకు ఖాతాలో పడిందా అని దానర్థం. నేను జ్వరంతో మంచంలో ఉంటే చూడ్డానికొచ్చి కూడా ముందు అదే అడిగింది.

ఒకసారి నాట్లప్పుడు గట్టు మీద కాలుజారి ఆమె బురదలో పడింది. అవతలి కయ్యలోంచి మా చిన్నాన్న కంగారుగా కేకేశాడు.

"పడిందిరో! పడింది!"

అంతే. నారుకట్టలు వదిలేసి అందరూ బ్యాంకుకు పరుగెత్తారు. నేనైతే ఇంటిమీదుగా వెళ్లి పాసుబుక్కు తీసుకుని మరీ పరుగెత్తాను.

"ఎవరు చెప్పినారు మీకు? ఇంకా పడలా" అని గుమస్తా విసుక్కున్నాడు.

ఇంతలో చిన్నాన్న రొప్పుతూ వచ్చాడు. "డబ్బులు కాదురా, పెద్దమ్మ పడింది! లేపేదానికి రండి!"

సిగ్గుతో అందరం వెనక్కి తిరిగాం. గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. ఒంటినిండా బురద, చంకలో పాసుబుక్కు.

కుంటుకుంటూ నా దగ్గరకొచ్చి, ఆయాసపడుతూ అడిగింది.

"పడిందని అరుస్తుంటే విన్నాలే. నాక్కూడా పడిందా అబ్బయా?"