పద్మ ఆంటీ ఓవరాక్షన్

వేడి పాప్‌కార్న్ మీద కందిపొడి చల్లితే వచ్చే వాసన నాకిప్పటికీ పద్మ ఆంటీ వాళ్ల బేస్‌మెంట్ వాసనే. మొన్న మా వంటింట్లో ఆ వాసన రాగానే సిగ్గుతో తల దించుకున్నాను.

అప్పుడు మేం అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లు. నాన్న రోజూ తెలుగు సీరియల్ చూస్తూ, అందులో ఎవరు ఏడ్చినా "అబ్బ, ఏం ఓవరాక్షనో!" అనేవారు. అయినా ఒక్క ఎపిసోడ్ కూడా వదిలేవారు కాదు. అంత ఇష్టంగా చూస్తున్నారంటే అది పొగడ్తే అనుకున్నాను. యాక్షన్ అంటే నటన, ఓవర్ అంటే అందరినీ మించినది.

ఓ శనివారం పద్మ ఆంటీ తను నటించిన షార్ట్ ఫిల్మ్‌ని వాళ్ల బేస్‌మెంట్‌లో మా తెలుగువాళ్లందరికీ వేసి చూపించారు. అందులో ఆవిడ, చనిపోయిన తన అక్క చీరని మడతపెడుతూ ఏడుస్తారు. అయిపోగానే లైట్లు వేసి, "ఎలా చేశాను? నిజం చెప్పాలి!" అన్నారు.

పెద్దవాళ్లంతా "సూపర్" అన్నారు. నాకది చాలదనిపించింది.

"ఆంటీ, మీది ఫుల్ ఓవరాక్షన్! కావాలంటే మా నాన్నని అడగండి."

గదంతా గొల్లున నవ్వింది. నాన్న పాప్‌కార్న్ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయారు. ఆంటీ కూడా నవ్వి, "పిల్లలు అబద్ధం చెప్పరుగా" అన్నారు.

ఆవిడ మళ్లీ నటించలేదు. ఎవరైనా నాటకానికి పిలిస్తే, "నా ఓవరాక్షన్ ఎవరు చూస్తారమ్మా" అని నవ్వేసేవారు. ఆ మాటకి అసలు అర్థం నాకు కాలేజీలో గానీ తెలియలేదు. ఆ తర్వాత ఆవిడని ఎన్నోసార్లు కలిశాను. ఆ రోజు చీకట్లో ఆవిడ నటన చూస్తూ నేను ఏడ్చానని మాత్రం ఇంకా చెప్పలేదు.