నాన్న అన్న ఎడం

దెయ్యాలూ అతీత శక్తులూ అని ఎవరైనా మొదలుపెడితే నవ్వేసే రకం నేను. ఇది రాయడం నాకే చిన్నతనంగా ఉంది.

మా ఇల్లు భిలాయ్‌లో, సుపేలా దగ్గర. గంటన్నర దూరంలోని విమానాశ్రయంలో విమానాలకు దారి చెప్పే ఉద్యోగం నాది. నాన్న ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి ఏడు నెలలుగా మంచంలోనే ఉన్నాడు. మాట పూర్తిగా పోయింది. కళ్ళు మాత్రం నన్నే వెతికేవి. ఆ చూపు తట్టుకోలేక, నిజం చెప్పాలంటే, డ్యూటీ వంక పెట్టుకుని తప్పించుకు తిరిగేదాన్ని.

జూన్‌లో ఓ మధ్యాహ్నం ఉరుములతో మబ్బులు కమ్ముకొచ్చాయి. దిగాల్సిన విమానాలు వరస కట్టాయి. ఒక పైలట్ ఎదురుగా పెద్ద మబ్బు ఉందని, కుడివైపు తప్పుకుంటానని అడిగాడు. నా తెరమీద కుడివైపు ఖాళీయే. ఎడమవైపు దారి బాగా చుట్టు. సరే అనబోయాను.

హెడ్‌సెట్‌లో నాన్న గొంతు వినిపించింది. "ఎడం."

లేచి పోవడానికి లేదు, పక్కవాళ్ళని అడిగే వ్యవధి లేదు. అన్ని ప్రాణాలూ నా ఒక్క మాట మీద ఉన్నాయి. ఎడమకు తిరగమన్నాను. రెండు నిమిషాల్లో కుడివైపు మరో మబ్బు లేచి ఆ సందు మూసుకుపోయింది. విమానం క్షేమంగా దిగింది.

మా మాటలన్నీ రికార్డవుతాయి. డ్యూటీ దిగాక మా పై అధికారిని బతిమాలి ఆ రికార్డింగు విన్నాను. పైలట్ అడగడం, నాలుగు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత నా గొంతు. అంతే. రికార్డులో ఆ మాటల టైము మూడు దాటి రెండు నిమిషాలు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"మీ నాన్న ఈయేల మాటాడేరే. మూడు గంటల మందేస్తంటే, ఎడం ఎడం అన్నారు. ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టేను."

సంతోషంలో అమ్మ మర్చిపోయింది. నాన్న నోట ఎడం అంటే ఎడమ కాదు, దూరం. మరిగే ఉక్కు మీద పనిచేసినవాడు కదా, మేము పొయ్యి దగ్గరికెళ్ళినా "ఎడం, ఎడం" అనేవాడు. హిందీ మీడియం పిల్లలం, బుద్ధిగా ఎడమవైపు జరిగేవాళ్ళం. పడీపడీ నవ్వేవాడు.

తర్వాత నాన్న మళ్ళీ మాట్లాడలేదు. ఆ గొంతు నాకెలా వినపడిందో ఇప్పటికీ తెలియదు. మబ్బుకి ఎడంగా ఉండమన్నావా, నేను నీకు ఎడమైపోయానన్నావా అని మంచం పక్కన కూర్చుని అడిగాను. నన్నే చూస్తూ ఉండిపోయాడు.